మా వాకిట్లో తెగిన పొట్టేలు

ఆదోనిలో ఏ క్రైస్తవుల ఇంటికైనా క్రిస్మస్ నాడు పోయి చూడండి, పొయ్యి మీద దాల్చా ఉడుకుతూ ఉంటుంది. ఆ ఆచారం పెట్టినవాణ్ణి నేనే. మా తాలూకా బళ్ళారి జిల్లా నుంచి తెగి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్తలో, నా పెళ్ళయ్యాక వచ్చిన మొదటి క్రిస్మస్‌కు, మా వాకిట్లో నిలువెత్తు పొట్టేలును కోయించి, పేట పేటంతటికీ పంచిపెట్టి, అది చాలదన్నట్టు మధ్యాహ్నం మళ్ళీ పేట పేటంతటికీ విస్తళ్ళు వేయించాను. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మా మామ ఆ వైభవం చూసి, చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి, నా పేరు చెప్పి మరీ దేవుణ్ణి స్తుతించాడు. దీనికి సాక్షులు చాలామంది ఉండేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. అందుకే ఇంత ధైర్యంగా రాయగలుగుతున్నాను.

ఒక్క సాక్షి మాత్రం మిగిలింది. మా ఆవిడ. ఆమెకు ఇప్పుడు అక్షరాలు ఆనవు కాబట్టి కాగితాలతో భయం లేదు. చెవులే ఇంకా గట్టిగా ఉన్నాయి. రాసేటప్పుడు పైకి గొణుక్కుంటూ రాయడం నా అలవాటు. ఆమె వసారాలో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. నేను 'నిలువెత్తు పొట్టేలు' దగ్గరికి వచ్చేసరికి ఆ పటపట ఒక్క క్షణం ఆగింది. అందుకని పై పేరా కొంచెం సర్దుతాను. నిలువెత్తు కాదు. నడుమెత్తు. సరే, మోకాలెత్తు.

పటపట మళ్ళీ మొదలైంది. ఇక చెప్తాను.

అసలు ఈ కథ పొట్టేలుతో మొదలుకాలేదు, నా నోటితో మొదలైంది. పెళ్ళిమాటలకు మా అమ్మా నేనూ ఎమ్మిగనూరు పోయినప్పుడు మా మామ గుంటమగ్గంలో కూర్చుని దుప్పటి నేస్తున్నాడు. మమ్మల్ని చూసి గుంటలోంచి లేవలేదు. చేతిలోని నాడెను అటూ ఇటూ విసరడం కూడా ఆపలేదు. మా ఇల్లెంత, నా చదువెంత, నా గుణమెలాంటిది, ఏమీ అడగలేదు. ఆయనకు కావలసింది ఒకటే.

"ఏమప్పా, మీ ఆదోనోళ్ళు మాపటికి ఏం తింటారు?" అన్నాడు.

"వరిబువ్వ మామా."

"పొద్దున?"

"పొద్దున గూడా వరిబువ్వే."

నాడె ఆగింది. "మరి పండగొస్తే?"

"పండగ సంగతి సెప్పాల్నా మామా? క్రిస్మస్‌కి మా ఇంట్లో పొట్టేలు తెగాల్సిందే. తెగకుంటే మాకు పండగయినట్లే గాదు."

పక్కనున్న మా అమ్మ నా తొడ గిల్లింది. ఇక చాలు అని ఆ గిల్లుడుకు అర్థం. నేను దాన్ని ఇంకా చెప్పమన్నట్టు తీసుకుని, మిల్లులో మేస్త్రీనని కూడా చెప్పేశాను. నిజానికి నేను జిన్నింగు మిల్లులో పత్తి బోరాలు మోసేవాణ్ణి. ఇక వరి సంగతి. మా ఇంట్లో వరిబియ్యం కనబడాలంటే ఎవరికైనా జ్వరం రావాలి, లేదా ఏసుప్రభువు పుట్టాలి. జ్వరాలే ఎక్కువగా వచ్చేవి.

పెళ్ళయింది. పిల్ల కాపరానికి వచ్చింది. మొదటిరోజు మాపటికి మా అమ్మ జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. పిల్ల పళ్ళెం వైపు చూసింది. నా వైపు చూసింది. అన్నపు సట్టి ఎక్కడైనా ఉందేమోనని మూలల వైపు కూడా చూసింది. నేను పైకప్పులో సాలెగూళ్ళు పరీక్షిస్తూ కూర్చున్నాను.

"ఇంగో రొట్టె ఉందా అత్తా?" అంది. నా కోతల మీద ఆమె ఇచ్చిన తీర్పు అంతే. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

ఊసెత్తినవాడు వేరే ఉన్నాడు. పత్తి ఊళ్ళోకి దిగి, మిల్లుల దూది గాల్లో తేలి, ఆదోని మనుషుల మీసాలు పట్టపగలే నెరిసిపోయే కాలం వచ్చింది. ఎమ్మిగనూరు నుంచి మా మామ తరపు బంధువొకడు దుప్పట్లు అమ్ముకోవడానికి వచ్చి, మా ఇంట్లో భోంచేసి పోయాడు. భోజనమంటే అదే, జొన్నరొట్టె, కారం. ఆ మనిషి తిన్నది అరగకముందే మా మామకు కబురు చేరింది. మరుసటి సంతకు అదే మనిషి తిరిగి వచ్చి, వాకిట్లోనే నిలబడి, మా మామ గొంతుతోనే ఆ మాటలు అప్పజెప్పాడు.

"క్రిస్మస్‌కి వస్తాండానని సెప్పు. వరిబువ్వ సూస్తా, పొట్టేలు సూస్తా. అల్లుడు సెప్పింది నిజమైతే నా బిడ్డకి సీరె పెట్టి నేనొక్కన్నే బస్సెక్కుతా. అబద్ధమైతే బిడ్డని గూడా ఎక్కించుకొని వస్తా. ఈస్టరు దాకా నా మగ్గం కాడ నూలు కండెలు సుట్టుకుంటా ఉంటాది."

ఈస్టరు దాకా అన్నది వినడానికి చిన్నమాటే. మా పేటలో ఒకామె అలాగే ఈస్టరు దాకా అని పుట్టింటికి పోయింది. ఆమె తిరిగి వచ్చేనాటికి మొగుడి పొయ్యి దగ్గర ఇంకొకామె కూర్చుని ఉంది. అందుకని ఆ మాట విన్నాక మా అమ్మకూ నాకూ దిగులు పట్టుకుంది. కబురు తెచ్చినవాడు పోయాక మా ఆవిడ, పొయ్యిలోకి ఊదుతూ, మాకు మొహం చూపించకుండా అంది.

"మీరు ఏదన్నా తేండి, నేను వండుతా. కానీ నేను బస్సెక్కను. మా నాయన మాటకి ఎదురుసెప్పడం నాకు సేతగాదు. ఆ సెప్పేదేదో మీరే సెప్పుకోండి."

అంటే వంటకమే జవాబు చెప్పాలన్నమాట. ఆ వారమంతా మా ఇంట్లో ఒకటే చర్చ, క్రిస్మస్‌కు ఏం వండాలి అని.

మా అమ్మ లెక్క సూటిగా ఉండేది. "పెద్దకూర తెస్తాం. సట్టీ నిండుతాది, కడుపూ నిండుతాది. మీ మామేమన్నా మంత్రాలయం అయ్యవారా, ముట్టకుండేదానికి?"

"పొట్టేలని సెప్పినా గదమ్మా."

"సెప్పిన నోటితోనే ఇంగో మాట సెప్పు. దానికేమన్నా అలుపా?"

మా పేటలో పెద్దకూర రుచి తెలియని నాలుక ఒక్కటి లేదు. కానీ పండగ భోజనం ముచ్చట వచ్చేసరికి ఆ నాలుకలన్నీ పొట్టేళ్ళనే తలుచుకునేవి. కొత్త అల్లుళ్ళ నాలుకలు మరీ. ఏడాది పొడుగునా ఏది తిని బతికామో దాని పేరు పండగనాడు ఎత్తకపోవడమే మర్యాద. ఆ మర్యాదను కాపాడే భారం ఆ ఏడు నా మీద పడింది.

చర్చ మధ్యలో మా పాస్టరు అయ్యగారు వచ్చాడు. పండగకు ముందు ఇంటింటికీ తిరిగి ప్రార్థన చేయడం ఆయన పని. మేము సంగతి చెప్పుకున్నాం. ఆయన కళ్ళు మూసుకుని, "పండగంటే తిండి కాదమ్మా, హృదయం. ఏసుప్రభువు పశువుల తొట్టిలో పుట్టినాడు, అక్కడేం వండినారు?" అన్నాడు. మేము సిగ్గుపడ్డాం. ఆయన గడప దాటి, చెప్పులు తొడుక్కుని, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు. "మసాలా మాత్రం కొంచెం తగ్గించండమ్మా, నాకు పడదు," అని చెప్పి పోయాడు.

అంటే వచ్చే నోళ్ళలో ఇంకొకటి పెరిగింది.

అప్పుడు నాకు తట్టిన ఉపాయం గురించి ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. మా పేటలో క్రిస్మస్‌కు పొట్టేలు ఒక ఇంటివాళ్ళు తెచ్చేది కాదు. పన్నెండిళ్ళు కలిసి ఒకదాన్ని తెచ్చి, కోసి, ఈతచాప మీద పన్నెండు పోగులు పెట్టి పంచుకునేవి. ఎవరి వాకిలి ఊడ్చి ఉంటే ఆ వాకిట్లో కోసేవాళ్ళు. పోగులు పెట్టే పని ఆ ఇంటివాడిది. అతడు తన పోగు అందరికంటే చివర ఎత్తుకోవాలి. అందరూ ఏరుకోగా మిగిలేదే తనదని తెలుసు కాబట్టి ఏ పోగూ తక్కువ కాకుండా పెడతాడని పెద్దల ఆలోచన. ఆ చివరి పోగును మా పేటలో 'యూదా పోగు' అనేవాళ్ళు. పన్నెండుమంది శిష్యుల్లో చివరివాడు, ఏసును పట్టిచ్చిన యూదా గతేమైందో తెలుసు కదా.

నేను పోయి మా పేట పెద్దను కలిశాను. "ఈతూరి మా వాకిట్లో కోద్దాం అన్నా. ఊడ్చేది నేనే, నీళ్ళు మోసేది నేనే, నెత్తురు కడిగేది గూడా నేనే," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "యాల రా, ఇంత ప్రేమ?"

"పేట మీద ప్రేమ అన్నా."

"సరే. యూదా పోగు నీదే, గుర్తుపెట్టుకో."

ఇప్పుడు చూడండి. మా వాకిట్లో పొట్టేలు తెగుతుందన్న మాట అక్షరాలా నిజమైంది. ఇందులో ఒక్క ఇసుమంత అబద్ధం ఉంటే చూపించండి. మా అమ్మ మాత్రం అంతా విని, "వాకిలి మనది, పొట్టేలు వాళ్ళది. రేపు వాన కురిస్తే అది గూడా నీదే అంటావు," అని చీపురు నా చేతికిచ్చింది.

క్రిస్మస్ పొద్దున సూర్యుడు ఆదోని కొండ ఎక్కుతుండగా పొట్టేలు తెగింది. కాస్త ముదురుది. కండ తక్కువ, ఎముక ఎక్కువ. నేను చాప పరిచి పోగులు పెట్టాను. పదకొండిళ్ళవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చి, ఒక్కొక్కరు ఒక్కో పోగు చుట్టూ ప్రదక్షిణ చేసి, వంగి చూసి, వేలితో పొడిచి, మరీ ఎత్తుకుంటున్నారు. సరిగ్గా ఆ సమయానికి సందు మొదట్లో మా మామ కనిపించాడు. తాను నేసిన తెల్లపంచె, తలగుడ్డ, చంకలో చీరె మూట, చేతిలో బొరుగుల సంచి. మొదటి బస్సుకే వచ్చేశాడు.

వాకిట్లో కాలు పెట్టి నిలబడిపోయాడు. వేలాడుతున్న చర్మం వైపు చూశాడు. చాప వైపు చూశాడు. గిన్నెలు నింపుకుని పోతున్నవాళ్ళ వైపు చూశాడు.

"ఏం అల్లుడూ, ఇదేనా ఆ పొట్టేలు?"

"ఇదే మామా."

"నీదేనా?"

"మన వాకిట్లోనే గద మామా," అన్నాను. ఇది కూడా నిజమే. గమనించండి.

మా మామ మొహం విప్పారింది. ఎమ్మిగనూరులో పోగుల పద్ధతి లేదనుకుంటాను. అక్కడ ఎవరి జీవాన్ని వాళ్ళ వాకిట్లోనే కోసుకుంటారేమో. అందుకే నేను పొట్టేలును కోసి పేటంతటికీ దానం చేస్తున్నానని ఆయన అనుకున్నాడు. అదీ ఆయన పొరపాటు. గిన్నెలతో పోతున్నవాళ్ళ దగ్గరికి పోయి, ఒక్కొక్కరి భుజం తడుతూ మొదలుపెట్టాడు.

"తీసుకపోండప్పా, తీసుకపోండి. కడుపునిండా తినండి. మా అల్లుడు పెట్టింది."

ఒకాయన ఆగాడు. "ఎవరు పెట్టింది? ఇది మా వంతు..."

నేను వెంటనే క్రిస్మస్ పాట ఎత్తుకున్నాను. నా గొంతు బాగుండదు కానీ పెద్దది. పండగ పొద్దున ఎవరైనా పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాల్సిందే. ఆయన గిన్నె చేత్తో పట్టుకుని, నా వైపు ఉరిమి చూస్తూ, చరణం పాడుకుంటూ పోయాడు. అలా మిగిలిన పోగులన్నీ పాటతోనే సాగనంపాను. చివరికి చాప మీద యూదా పోగు ఒక్కటే మిగిలింది. మెడ ఎముకలు, పక్కటెముకలు, మోకాటి చిప్పలు, వాటి మధ్య పొరపాటున ఉండిపోయిన ఒక్క మంచి ముక్క.

ఇంతవరకు వచ్చింది కదా, ఇక గట్టెక్కానని అనుకుని చర్చికి పోయాను.

ప్రసంగం అయింది. కానుకల పాట అయింది. అప్పుడు అయ్యగారు ఎప్పటిలాగే, "ప్రభువు చేసిన మేలుల గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేచి చెప్పొచ్చు," అన్నాడు. ఎప్పుడూ లేచే ముసలామె లేవబోతోంది. ఆమెకంటే ముందు మా మామ లేచాడు.

"దేవునికి స్తోత్రం. నేను ఎమ్మిగనూరు నుంచి వచ్చినా. నా బిడ్డ ఏం తింటాందో, ఏం తాగుతాందో అని శానా దినాలు దిగులుపడినా. ఈ పొద్దు నా కండ్లతో సూసినా. నా అల్లుడు పొట్టేలును కోసి, తనకి ఎముకలు ఉంచుకొని, కండంతా మీకు పంచినాడు. అట్లాంటి అల్లున్ని నాకిచ్చిన దేవునికి స్తోత్రం."

మాకొక పద్ధతి ఉంది. సాక్ష్యం ఎవరు చెప్పినా, ఏం చెప్పినా, విన్నవాళ్ళు 'ఆమెన్' అనాలి. ఎదురుచెప్పకూడదు. పొట్టేలుకు తమ వంతులు కట్టిన పదకొండిళ్ళవాళ్ళు ఆడా మగా పిల్లా జెల్లా ఒక్కసారి తలలు తిప్పి నన్ను చూశారు. తర్వాత పళ్ళు బిగించి అన్నారు, "ఆమెన్."

అలాంటి ఆమెన్ నేను మళ్ళీ వినలేదు.

మా మామ కూర్చోలేదు. "ఇంగోమాట. మా అల్లుని గుణం అంతటితో అయిపోలా. ఈ పొద్దు మద్దినేళ మీరందరూ ఆయప్ప ఇంట్లోనే బువ్వ తినాల. ఎవరన్నా రాకుంటే ఆయప్ప మనసు నొచ్చుకుంటాది."

ఈసారి ఆమెన్ చాలా సంతోషంగా వచ్చింది. చర్చి దూలాల మీది పావురాలు లేచిపోయాయి.

మేము ఇంటికి చేరేలోపే సందులో మాటలు వినబడుతున్నాయి. "మన కూర మాపటికి ఉంటాదిలే, మూతబెట్టు. పద, ఆయప్ప మనసు నొచ్చుకుంటాదంట." ఇంకొకరు, "సియ్యల కూర మాది, పేరు ఆయప్పది, సూసినావా? రెండు విస్తళ్ళు తింటా నేను."

ఇంట్లో మళ్ళీ అదే ప్రశ్న, ఏం వండాలి. వారం పాటు చర్చించిన ప్రశ్నే కానీ ఇప్పుడు దానికి ఇంకొంచెం తొందర వచ్చింది. మా ఆవిడ ఎముకల సట్టి ముందు కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది. వాకిట్లో చాప మీద మా మామ కాళ్ళు చాపుకుని, వచ్చేవాళ్ళను తన ఇంటికే వస్తున్నట్టు పలకరిస్తున్నాడు. చీరె మూట ఇంకా విప్పలేదు. ఆ మూట ఇక్కడే విప్పుతాడో, బిడ్డతో పాటు మళ్ళీ బస్సెక్కిస్తాడో తేలాల్సింది ఈ పొయ్యి దగ్గరే.

మా అమ్మ వచ్చి సట్టిలోకి తొంగిచూసి, నా వైపు తిరిగింది. "ఏసయ్య ఐదు రొట్టెలతో పెట్టినాడు. నువ్వు ఐదు ఎముకలతో పెట్టు. నీ నోరు సల్లగుండ," అని పోయింది.

అప్పుడు గోడ మీద నుంచి తల ఒకటి లేచింది. మా పక్కింటి సాయిబులామె. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడ ఎత్తు తక్కువ కాబట్టి మా ఇంట్లో నేను చెప్పే కోతలన్నిటికీ ఆమె మొదటి శ్రోత.

"ఏం బేటీ, అంత మొగం పెట్టినావు? ఎముకలున్నాయా?"

"ఎముకలే ఉన్నాయి ఖాలా."

"మరింకేం కావాల? సియ్యలుండేవాళ్ళు కూర చేస్తారు. ఎముకలుండేవాళ్ళు దాల్చా చేస్తారు. శెనగబ్యాళ్ళు ఉడకెయ్యి. మా కప్పు మీద సొరకాయలుండాయి, కోసిస్తా. చింతపండు పిండు. ఎముకలు బ్యాళ్ళలో వేసి బాగా మరగనీ. వాసనకే సగం ఆకలి తీరుతాది."

సొరకాయలు గోడ మీదుగా వచ్చాయి. శెనగబ్యాళ్ళు కొన్ని మా ఇంట్లోవి, కొన్ని ఆమె ఇంట్లోవి. తర్వాత, మేమిద్దరం ఎత్తితే కానీ లేవని వాళ్ళ పెండ్లిళ్ళ గుండిగె కూడా వచ్చింది. మా అమ్మ దాచిన వరిబియ్యం ఒక పొయ్యి మీద, దానికి తోడు జొన్నసంగటి ఇంకో పొయ్యి మీద. గోడ అవతల నుంచి ఖాలా చెప్తూ ఉంటే మా ఆవిడ ఇటు కలుపుతూ వచ్చింది. నేను కూడా ఊరికే లేను. పొయ్యి దగ్గరికీ వాకిట్లోకీ తిరుగుతూ, ఎంతమంది వచ్చారో చూసి వచ్చి చెప్తూ ఉన్నాను.

విస్తళ్ళు పడ్డాయి. పదకొండిళ్ళవాళ్ళు పగతో కూర్చున్నారు, ఆకలితో తిన్నారు. అయ్యగారు మసాలా పడదన్న సంగతి మరిచిపోయి మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నాడు. పొద్దున 'మా వంతు' అనబోయి పాట పాడాల్సివచ్చిన ఆయన, సందులో చెప్పినట్టే రెండు విస్తళ్ళు తిన్నాడు. యూదా పోగులో ఉన్న ఆ ఒక్క మంచి ముక్కను మా మామ విస్తట్లోకి వేయించాను. కాసేపటికి చూస్తే అది అయ్యగారి విస్తట్లో ఉంది. అంతటి ముక్కను మా మామ దైవసేవకుడికి అర్పించాడని నా గుండె ఉప్పొంగింది. ఆయన తల వంచుకుని తింటున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. బిడ్డ బతుకు చూసి ఒక తండ్రి కార్చిన ఆనందబాష్పాలవి.

సాయంత్రం ఆయన్ను బస్సెక్కించడానికి పోయాం. నేను బొరుగుల సంచి ఖాళీది పట్టుకుని దూరంగా నిలబడ్డాను. తండ్రీ బిడ్డా బస్సు పక్కన నిలబడి ఏదో మాట్లాడుకున్నారు. ఆయన చెయ్యి బస్సు తలుపు వైపు చూపించింది. ఆమె తల అడ్డంగా ఊగింది. ఆయన మూట విప్పి చీరె తీసి ఆమె భుజం మీద వేశాడు. ఒక్కడే ఎక్కాడు.

దాల్చా గెలిచిందని అప్పుడే అర్థమైంది నాకు. ఎముకలతో ఒక ఇల్లు నిలబెట్టినవాణ్ణని ఆ రాత్రి మా అమ్మతో కూడా అన్నాను. మరుసటి క్రిస్మస్ నుంచి ఆదోని క్రైస్తవుల ఇళ్ళన్నిట్లో దాల్చాయే. అన్నిట్లో అంటే, మా సందులో ఒకటి రెండు ఇళ్ళలో. వాళ్ళు అంతకుముందు కూడా చేసుకునేవాళ్ళేమో నేను అడగలేదు. అడిగితే ఏమంటారో అని అడగలేదు. పేట పేటంతా అన్నది కూడా ఆ పదకొండిళ్ళే. పొట్టేలు పంచింది నేనే కానీ కొన్నది అందరూ. వండింది మా ఆవిడ, నేర్పింది ఖాలా. ఇంతకు మించి కలిపింది ఏమీ లేదు. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాశాను.

వసారాలో పటపట ఆగి చాలాసేపైంది.

"అయిపోయిందా?" అంది మా ఆవిడ.

"ఏది?"

"గొణగడం."

"అయిపోయింది. ఎట్లుంది?"

చేట పక్కన పెట్టింది. ఒడిలోని పొట్టు దులుపుకుంది.

"ఎమ్మిగనూర్లో పోగులు ల్యావని రాసినావే, ఏండ్ల తరబడి మా పేటలో పోగులు పెట్టింది ఎవరనుకున్నావు? మా నాయనే. వాకిట్లో కాలు పెడతానే అంతా కనిపెట్టినాడు. నీ నోటికి బుద్ధి రావాలనే సర్చిలో ల్యాసి ఆ సాక్ష్యం సెప్పి, అందరినీ నీ మీదికి తోలినాడు. విస్తట్లోకి తలొంచుకొని నవ్వినాడు నిన్ను సూసి. కండ్లలో నీళ్ళొచ్చేటట్ల నవ్వినాడు. ఆనందబాష్పాలంట!"

"మరి ఆ ముక్క అయ్యగారికి..."

"నమల్లేక ఏసినాడు."

నేను కలం మూత పెట్టాను. "సరే. కానీ బస్సు కాడ ఏం జరిగింది? దాల్చా తిని మెత్తబడినాడు గదా?"

"యాడ మెత్తబడినాడు? 'ఈ కోతలోని కాడ ఏముంటావు, ఎక్కు అమ్మీ' అన్నాడు. 'నేనెక్కను నాయనా' అన్నా. నా జన్మలో ఆయన మాటకి ఎదురుసెప్పింది ఆ పొద్దే. దాల్చాలో ఉప్పు గూడా ల్యాదు. నువ్వు నిమిషానికోసారి వచ్చి ఇంగా వస్తాండారు, ఇంగా వస్తాండారు అంటాంటే మర్సిపోయినా."

ఇన్నేళ్ళలో ఆమె ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు, దాల్చా సంగతి తేలిపోయిందనుకుని.

"మరి ఎందుకెక్కలేదు?" అన్నాను.

"ఆడికి పోతే కండెలు సుట్టాల. ఈడుంటే నీ మాటలినాల. ఇదే సుళువనిపించె."

చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. ఒక కాయ ఒలిచింది. ఒలిచిన గింజలు నోట్లో వేసుకుని, నమిలి, అప్పుడు అంది.

"ఇంగోటి. అది పొట్టేలు గాదు, ముసిలి మేక. మొదట్నించి పొట్టేలు కొట్టేసి, మేక అని రాయి."